బొట్టు పెట్టిన బోర్డు

మా బావ పనికి బయలుదేరుతుంటే, చూసేవాళ్ళకు ఎవరికో ఆపరేషన్ చేయడానికి పోతున్నాడనిపిస్తుంది. పరికరాలను పాత తువ్వాల మీద వరుసగా పేర్చి, చుట్టచుట్టి, తాడు కట్టి, ఆ చుట్టను చంటిపిల్లను అందించినట్టు నా చేతికి అందిస్తాడు. లోపల ఉండేది కొన వంగిన గీతకత్తి, ముతక పళ్ళ చేతిరంపం, పట్టుకోవడానికి ఒక చివర సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన ఆక్సా బ్లేడు, చేత్తో తిప్పే డ్రిల్లు, గుండ్రటి ఆకురాయి ఒకటి, బల్లపరుపుది ఒకటి. దొంగ కూడా ముట్టని సామాను. బస్సులో మరిచిపోతే కండక్టరు పరుగెత్తుకొచ్చి మరీ ఇస్తాడు. ఇచ్చాడు కూడా.

మాది మహబూబాబాద్ దగ్గర తండా. అక్కను జనగామలో ఉంటున్న ఈ బావకిచ్చాం. డిగ్రీ అయిపోయాక నేను ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూస్తూ వాళ్ళింట్లో ఉండిపోయాను. ఎదురుచూపు కూర్చుని చేసినా నిలబడి చేసినా ఒకటే కదా అని అక్క నన్ను బావ వెంట పనికి పంపింది. అప్పటి నుంచి నిలబడే ఎదురుచూస్తున్నాను.

మా పని సిమెంటు బోర్డులతో. సిమెంటులో నారపీచు కలిపి పలకలుగా ఒత్తిన బోర్డులివి. ఇటుక గోడ కట్టించే ఓపిక లేనివాళ్ళు, కట్టాక మనసు మారుతుందేమోనని అనుమానం ఉన్నవాళ్ళు వీటిని వేయించుకుంటారు. ఇనుప గొట్టాలతో చట్రం నిలబెట్టి, దానికి బోర్డులు బిగిస్తే గోడ అయిపోతుంది. తిన్నగా కోయడం ఎవరికైనా వస్తుంది. గీతకత్తితో లోతుగా గీసి, కింద కర్ర పెట్టి నొక్కితే బోర్డు అప్పడంలా విరుగుతుంది. చిక్కంతా కిటికీ దగ్గర, గొట్టం దగ్గర, స్విచ్చు డబ్బా దగ్గర. బోర్డు నడుమ ఖాళీ తీయాలి, చుట్టూ ఉన్నది మాత్రం పగలకూడదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా బావ గొంతు తగ్గిస్తాడు, బోర్డు వింటుందన్నట్టు.

కరెంటు మిషన్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు. మిషన్ మాకూ ఉంది. కిటికీ ఖాళీని చిటికెలో కోసేస్తుంది. ఆ తర్వాత చాలాసేపు ఎవరికీ ఎవరూ కనపడరు. దుమ్ము సర్దుకున్నాక కనురెప్పలు తెల్లబడి అందరం ఒకే వయసువాళ్ళం అయిపోతాం.

భూపాలపల్లి పనికి మాత్రం మిషన్ తేవద్దని ముందే కబురొచ్చింది. కబురు పంపింది రేగొండలో ఎరువుల దుకాణం నడిపే ఆయన. ఆ దుకాణం ముందు గోడ వేసింది మేమే. ఇప్పుడు భూపాలపల్లిలో ఆయన అత్తగారింటి వరండా మూసి గది చేయాలి. మామగారు బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి. ఆయనకు ఛాతీ బాగాలేదు. దుమ్ము తగిలితే దగ్గు, దగ్గు మొదలైతే ఆయాసం, ఆయాసం వస్తే దవాఖాన. ఇంటి ముందు రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయి. ఇంట్లో చాలినంత చోటు లేక ఆయన మంచం వరండాలో ఉంది. అంటే దుమ్మూ ఆయనా ఒకే మంచం మీద పడుకుంటున్నారు.

చట్రం అంతకుముందే నిలబెట్టాం. బోర్డులు వేయడానికి మేము వెళ్ళిన రోజున ముసలాయన భార్య, ఆ ఇంటి అవ్వ, గేటు దగ్గరే ఆపింది.

"మిషన్ తెచ్చిన్రా?"

"లేదవ్వా. అన్నీ చేతి సామాన్లే," అని బావ తువ్వాల విప్పి చూపించాడు.

పెళ్ళిచూపుల్లో పిల్లవాడిని చూసినట్టు అవ్వ ఒక్కొక్కదాన్నీ చూసింది. గీతకత్తి దగ్గర ఆగింది.

"గిదేంది, వంకర పోయింది?"

"అది గట్లనే ఉంటదవ్వా."

"కొత్తది దొర్కలేదా?"

బావ ముఖం చూసి నేను నవ్వు ఆపుకున్నాను. ఆ కత్తి కొన అరగకుండా ఆయన దానికి తొడుగు కుట్టించాడు. మా అక్కకు ఇంకా రవికె కుట్టించలేదు.

అవ్వ షరతు అక్కడే చెప్పేసింది. ఈ గది ఇవాళ పొద్దుగూకేలోపు మూసుకోవాలి. మూసుకోవడమంటే ఊరికే బోర్డులు నిలబెట్టడం కాదు, కిటికీ చుట్టూ, గొట్టం చుట్టూ దారం పట్టేంత సందు కూడా ఉండకూడదు. సాయంత్రం అల్లుడు కారు తీసుకుని వస్తున్నాడు. గది సిద్ధమైతే ముసలాయన ఇక్కడే ఉంటాడు. కాకపోతే చలికాలం వెళ్ళేదాకా రేగొండలో, కూతురింట్లో ఉంటాడు. పని పేరుతో ఇంట్లో దుమ్ము లేపినా రేగొండే.

"నా గురించి నన్నడుగరా?" అన్నాడు బాపు మంచం మీది నుంచి. మేమిద్దరం ఆయనను బాపు అనే పిలిచాం. "జిందగంత బాయిల దుమ్ము తిన్న. గీ బోర్డు దుమ్ము నన్నేం జేస్తది?"

"గా తిన్నదే ఇప్పుడు కక్కుతున్నవ్. సప్పుడు జెయ్యకు," అని అవ్వ ఆయన కుర్చీని వాకిట్లో వేపచెట్టు కిందికి, గాలికి ఎదురువైపు మార్పించింది.

మధ్యాహ్నానికి కింది బోర్డులన్నీ అయిపోయాయి. బావ గీస్తాడు, నేను విరుస్తాను, ఇద్దరం ఎత్తి బిగిస్తాం. అంచుల మీద తడిబట్ట అద్దుతూ కోశాం కాబట్టి దుమ్ము ముద్దగా కిందనే పడింది. చేతిరంపానికి ఉన్న సుగుణం అదే. దాని దుమ్ముకు ఎగిరేంత ఆశ ఉండదు. ఇక మిగిలింది రెండు నిలువు బోర్డులు. ఒకదానికి గొట్టం కోసం గుండ్రటి రంధ్రం తీయాలి. ఇంకోదానికి కిటికీ కోసం పెద్ద ముక్క తీసేయాలి. అదనపు బోర్డు లేదు. జనగామ నుంచి సరిగ్గా లెక్క చూసి తెచ్చామని బావ పొద్దున ఊరంతా వినేలా చెప్పుకున్నాడు.

గొట్టం సంగతి చెప్పాలి. లోపలి గాలిని బయటికి తోసే చిన్న ఫ్యానుకు అరచేయంత వెడల్పు ప్లాస్టిక్ గొట్టం ఒకటి చట్రంలోంచి తల ఎత్తు కన్నా పైన బయటికి పొడుచుకొచ్చి ఉంది. బోర్డు దాన్ని చుట్టుకుని కూర్చోవాలి. రంధ్రం ఎక్కడ పడాలో టేపుతో కొలిస్తే ఎప్పుడూ కాస్త అటో ఇటో పోతుంది. అందుకని బావకు ఒక పద్ధతి ఉంది. గొట్టం నోటి అంచుకు తడిపిన పసుపు పూస్తాడు. బోర్డు ఎత్తి దానికి ఆనిస్తే గొట్టమే తన గుర్తు తాను వేసుకుంటుంది. బోర్డు దించాక ఆ పసుపు గుండ్రానికి నడుమ కుంకుమ చుక్క పెడతాడు, డ్రిల్లు తిప్పేటప్పుడు మధ్య ఎక్కడో తెలియడానికి. సుద్ద రాలిపోతుంది, పెన్సిలు తడి బోర్డు మీద కనపడదు, పసుపు మాత్రం పట్టుకుంటుంది. ఈ పద్ధతి తానే కనిపెట్టానని బావ అంటాడు. కాదనడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు.

"స్క్రూలు అయిపోయినయ్, బజారుకు పోయొస్త. నువ్వు గొట్టం బోర్డుకు గుర్తు పెట్టు," అని బావ బండి తీశాడు.

అవ్వను పసుపూ కుంకుమా అడిగి తెచ్చాను. పసుపు తడిపి చిన్న గిన్నెలో పెట్టాను. అప్పుడు తట్టింది, బోర్డు ఎత్తాలంటే ఇద్దరు కావాలి. బావ ఒక్కడే ఎత్తగలనని రోజూ చెబుతాడు. నేను అలాంటివి చెప్పను. గిన్నెను గోడకు ఆనించిన బోర్డుల పక్కన పెట్టేసి, బావ వచ్చేదాకా బాపు దగ్గర కూర్చున్నాను.

"రేగొండల నీకేం తక్కువ బాపు?" అని అడిగాను.

"తక్కువేం లేదు పిలగా, అన్ని ఎక్కువనే. పొద్దున లేస్తె 'మామా చాయ్ తాగినవా', మాపటీలి 'మామా అన్నం తిన్నవా'. చుట్టమోలె చూస్తరు. చుట్టమెన్ని దినాలుంటడు?" కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇక్కడైతె దగ్గొస్తె దగ్గుత. అల్లునింట్ల దగ్గు గూడ గొంతుల్నే ఆపుకోవాలె. గది ఎక్కువ ఆయాసం."

ఆ తర్వాత బాయిలో తన జోడీ మనిషి సంగతులు మొదలుపెట్టాడు. బాగున్నాయి. అందుకే వెనక ఏం జరుగుతోందో నేను చూడలేదు.

వెనక జరిగింది ఇది. అవ్వ వంటింట్లోంచి బయటికి వచ్చింది. బోర్డుల పక్కన గిన్నెలో తడిపిన పసుపు, కాగితంలో కుంకుమ కనపడ్డాయి. కొత్త ఇంటి గడపకైనా, కొత్త బండికైనా, బీరువాకైనా పసుపు పూసి బొట్టు పెట్టకుండా వాడని ఇల్లు అది. పాపం, వీళ్ళు మగవాళ్ళు, అన్నీ తడిపి పెట్టుకుని బొట్టు పెట్టడం మరిచిపోయారనుకుంది. ముందున్న బోర్డుకు తన చేయి అందిన చోట పసుపు గుండ్రంగా రాసి, నడుమ చక్కగా కుంకుమ బొట్టు పెట్టి, ఒక దండం కూడా పెట్టి లోపలికి పోయింది. ఎవరికీ చెప్పలేదు. బొట్టు పెట్టినట్టు ఎవరైనా చాటింపు వేస్తారా?

బావ స్క్రూలతో తిరిగొచ్చాడు. బోర్డు వైపు చూసి, "మంచిగ పెట్టినవ్ రా," అన్నాడు.

మా బావ నన్ను మెచ్చుకోవడం అరుదు. దేని గురించని నేను అడగలేదు. మెచ్చుకోలుకు వివరాలు అడిగితే వెనక్కి తీసేసుకుంటారు. బోర్డును బల్ల మీద పడుకోబెట్టాక గుర్తు చూసి, సరే, ఈయన ఒక్కడే ఎత్తి పెట్టి ఉంటాడు, రోజూ చెప్పేది ఇవాళ చేసి చూపించాడనుకున్నాను. ఆయనేమో నేను పెట్టానని అనుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఎన్నడూ లేని నమ్మకం కుదిరిన రోజు అదొక్కటే. దాని ఫలితం కాసేపట్లోనే తెలిసింది.

గుండ్రటి రంధ్రం చేత్తో తీయడం ఎలాగంటే, గీసుకున్న గుండ్రం లోపలి అంచు వెంట డ్రిల్లుతో చిన్న చిన్న రంధ్రాలు వరుసగా వేయాలి. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు. బావ డ్రిల్లును నిలువుగా పట్టుకుంటాడు, నేను పక్కనున్న పిడి తిప్పుతాను, మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తాను. చుట్టూ అయ్యాక నడిమి బిళ్ళను సుత్తితో మెల్లగా తడితే ఊడి కింద పడుతుంది. మిగిలిన పళ్ళ అంచును గుండ్రటి ఆకురాయితో రాకాలి. చేయి నొప్పి పుడితే పనవుతున్నట్టు.

బాపు కుర్చీలోంచే చూస్తున్నాడు.

"బాయిల గూడ గిట్లనే. ముందుగాల బొక్కలు కొట్టి, గప్పుడు మందు పెట్టి పేలుస్తరు. మీరు మందు పెట్టరా?"

"పెట్టం బాపు."

"జర పెడితె జల్దీ అయితుండె."

రంధ్రం చాలా అందంగా వచ్చింది. బావ అంచు చుట్టూ వేలు తిప్పి, నన్నూ తిప్పమన్నాడు. బాపు దగ్గరికి తీసుకుపోయి ఆయన వేలూ తిప్పించాడు. అప్పుడు ఇద్దరం బోర్డు ఎత్తి చట్రం దగ్గరికి తీసుకుపోయాం.

గొట్టం మా తలల పైన ఉంది. బొక్క మా బొడ్ల దగ్గర ఉంది.

బోర్డు తిప్పి చూశాం. తలకిందులు చేసి చూశాం. చట్రంలో ఆ చోట ఎలా నిలబెట్టినా గొట్టానికి అది అందదు. అప్పుడే అవ్వ చాయ్ తీసుకుని బయటికి వచ్చింది. బోర్డు వైపు చూసి పళ్ళెం అక్కడే గట్టు మీద పెట్టేసింది.

"నేను బొట్టు పెట్టిన కాడనే బొక్క కొట్టిన్రేంది?"

బావ నన్ను చూశాడు. నేను అవ్వను చూశాను. అవ్వ గిన్నెను చూసింది. ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆ రోజు అందరూ ఏకాభిప్రాయానికి వచ్చిన సంగతి అదొక్కటే.

బావ నేల మీద కూలబడి తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. "నా పని ఖతమైంది. నా చేతులు పడిపోను. నేనింక గీ కత్తి ముట్ట," అన్నాడు. ప్రతి రెండు నెలలకూ ఒకసారి ముట్టడు. ఆ పూట చాయ్ తాగేదాకా. మేమిద్దరం మా ఇంటి మాటలో, తండా మాటలో, ఎవరు ఎవరికి చెప్పారు, ఎవరు ఎవరిని అడగలేదు అని తిట్టుకోవడం మొదలుపెట్టాం. అది అవ్వకు అర్థం కాలేదు.

"నన్నే తిడుతున్నరా?"

"లేదవ్వా. మమ్మల్ని మేమే తిట్టుకుంటున్నం."

"గట్లయితె తెలుగుల తిట్టుకోన్రి. నేను గూడ వింట."

బావ ముఖం మీది తువ్వాల తీయకుండానే ఉపాయాలు చెప్పాడు. ఊడిన బిళ్ళను మళ్ళీ అతికించి సిమెంటు పూస్తానన్నాడు. ఎండితే పగులు తేలుతుంది, పగులులోంచి దుమ్ము వస్తుంది, ఆ సంగతి అతనికే తెలుసు. వరంగల్ పోయి ఇంకో బోర్డు తెస్తానన్నాడు. తెచ్చేసరికి పొద్దుగూకుతుంది. మేం మాట్లాడుకుంటుంటే బాపు మెల్లగా లేచాడు. తీగ మీద ఆరిన లుంగీ తీసి మడతపెట్టాడు. లోపలికి పోయి మందుల కవరు తెచ్చుకుని, లుంగీతో పాటు ఒడిలో పెట్టుకుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. 

అవ్వ ఆ కవరు వైపు చూసింది. తర్వాత బోర్డు దగ్గరికి వచ్చి బొక్కలో చేయి పెట్టి చూసింది.

"గీ రెండో పలకకు ఏం కోస్తరు?"

"కిటికీకి అవ్వా. గింత పెద్ద ముక్క తీసెయ్యాలె," అని నేను చేతులు చాపి చూపించాను.

"తీసేసిన ముక్క ఏం జేస్తరు?"

"పారేస్తం."

"మరి బొక్క వడ్డ పలకనే కిటికీ కాడ వెట్టున్రి. పారేసే ముక్కలనే బొక్క పోతది. మంచి పలకకు గొట్టం బొక్క కొట్టున్రి. రవికె గుడ్డకు ఎలుక కొడితె నేను మెడ కాడికి జరుపుకుంటగదా. గుడ్డ పారేస్తనా?"

బావ తువ్వాల తీశాడు. టేపు తీసుకుని కిటికీ కొలిచాడు, బోర్డు కొలిచాడు, బోర్డును తలకిందులు చేసి మళ్ళీ కొలిచాడు. బొక్క మొత్తం తీసేసే ముక్కలోనే పడుతోంది. అంచుకూ దానికీ మధ్య వేలెడు మందం మిగులుతోంది.

"నేను గదే అనవోతున్న," అన్నాడు బావ.

చాయ్ తాగాం.

ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి గొట్టం రంధ్రం తీయాలి, ఆపైన కిటికీ కోయాలి, ఎండేమో గోడల మీది నుంచి పైకి జరుగుతోంది. ఈసారి ఇద్దరం కలిసి బోర్డు ఎత్తి, గొట్టానికి ఆనించి గుర్తు పెట్టాం. కుంకుమ చుక్క అవ్వనే పెట్టమన్నాం. మొదటి రంధ్రం ఎంత ముద్దుగా వచ్చిందో రెండోది అంత రాలేదు. సరిపోయింది, చాలు. డ్రిల్లు తిప్పి తిప్పి నా భుజం నాది కాకుండా పోయింది.

కిటికీ మొదలుపెట్టేసరికి గేటు ముందు కారు ఆగింది. అల్లుడు దిగాడు. తెల్ల చొక్కా, చేతికి గడియారం. గోడలో నిలువెత్తు ఖాళీ ఇంకా అలాగే ఉంది.

"ఏమాయె అన్నా, కాలేదా?" అని బావను అడిగాడు.

"అయినట్టే తమ్మీ. జర మిగిలింది."

అవ్వ కొంగు సర్దుకుని తలుపు చాటుకు పోయింది. ఆ ఇంటి పద్ధతి ప్రకారం ఆమె అల్లుడితో నేరుగా మాట్లాడదు. మాటంతా నాకు చెబుతుంది, నేను రెండడుగుల దూరంలో ఉన్న ఆయనకు చెప్పాలి.

"కూసోమను బిడ్డా. చాయ్ తాగుమను."

"కూసోమంటున్నది అన్నా. చాయ్ తాగుమంటున్నది."

"ఇప్పుడే తాగిన్నని చెప్పు."

"తాగిండట అవ్వా."

ఈ టెలిఫోను ఉద్యోగానికి ఏ ప్రకటనా లేకుండానే ఎంపికయ్యాను.

కిటికీ కోత అడ్డం తిరిగితే బోర్డే పోతుంది. బోర్డు పక్క అంచు నుంచి లోపలికి పైన ఒక కోత, కింద ఒక కోత రంపంతో కోయాలి. ఆ రెండు కోతలూ ఆగే మూలల్లో ముందే డ్రిల్లుతో చిన్న రంధ్రం పెట్టుకోవాలి, పగులు వస్తే అక్కడ ఆగిపోవడానికి. తర్వాత రెండు మూలలనూ కలుపుతూ గీతకత్తితో నిలువుగా లోతైన గీత గీసి, ముక్కను వెనక్కి వంచి విరవాలి. కోస్తున్నంతసేపూ ముక్క బరువుకు వేలాడి విరగకుండా దాన్ని ఒకరు కింద నుంచి పట్టుకోవాలి. బావ రంపం మీద ఉన్నాడు, నేను బోర్డును బల్లకు అదిమి పట్టుకున్నాను. మూడో మనిషి కావాలి.

"మిషన్ ఉంటె గీ తిప్పలు లేకుండె," అన్నాడు బావ ఊపిరి పీల్చుకుంటూ.

"మా దుకాణం కాడ చేసిన్రు కదా మిషన్ తోని. చిటికెల అయింది," అన్నాడు అల్లుడు. "పొద్దు వోతున్నది. మామను కార్ల కూసోవెట్టి అద్దాలేస్త, మీరు కోసెయ్యిన్రి."

"కార్ల కూసోవెట్టినంక మల్ల దిగనిస్తవా?" అన్నాడు బాపు. మందుల కవరు ఇంకా ఒడిలోనే ఉంది. ఊరికే అన్నట్టే అన్నాడు గానీ, అల్లుడు ఆ కవరు వైపు చూశాడు.

తలుపు చాటు నుంచి, నన్ను అడ్డం పెట్టుకోకుండా, గోడకు చెబుతున్నట్టు అవ్వ అంది: "రేగొండల నీళ్ళ గ్లాసు గూడ అడిగి తాగడట ఈ మనిషి. మా బిడ్డ చెప్పింది."

అల్లుడు గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. చేతులు పైకి మడిచి బోర్డు కిందికి వచ్చి, "ఎక్కడ వట్టుకోవాలె?" అని అడిగాడు.

"అయ్యో, అల్లునితోని పనా! వద్దను బిడ్డా, వద్దను!" అని లోపలి నుంచి కేక.

"వద్దంటున్నది అన్నా."

"విన్న."

బావ రంపం మెల్లగా ఆడించాడు. కోత వెంట తడి బూడిద రంగు ముద్ద కారి అల్లుడి చొక్కా మీద పడింది. ఆయన కదలలేదు. మధ్యలో ఒకసారి ముక్కు గోక్కోవాల్సి వచ్చి నన్ను చూశాడు. నా చేతులూ ఖాళీగా లేవు. రెండు కోతలూ మూల రంధ్రాల్లోకి వచ్చి ఆగాయి. బావ గీతకత్తిని ఒకే దారిలో పైనుంచి కిందికి లాగాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ లాగాడు. తర్వాత ముగ్గురం ముక్కను పట్టుకుని వెనక్కి వంచాం. టప్‌మని తెగింది. గీత వెంటే తెగింది. బొక్కతో సహా ముక్క మా చేతుల్లోకి వచ్చింది. బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. అయిపోయిందని చెప్పాక తెరిచాడు.

అంచులు ఆకురాయితో రాకి, బోర్డు ఎత్తి బిగించాం. కిటికీ చట్రం చుట్టూ బావ గోరు పెట్టి చూశాడు. గోరు దూరలేదు. గొట్టం చుట్టూ కాస్త సందు ఉంటే సిమెంటు ముద్ద వేలితో అద్ది మూసేశాం. కిటికీ తలుపులు వేశాం. బాపును లోపల మంచం మీద కూర్చోబెట్టి, అందరం అక్కడే నిలబడ్డాం.

ఇక ఒక లారీ రావాలి.

పొద్దున్నుంచి ఊపిరాడనివ్వకుండా పోయిన లారీలు ఇప్పుడు ఒక్కటీ రాలేదు. సైకిల్ పోయింది. ఆటో పోయింది. ఒక బర్రె తీరిగ్గా పోయింది. పెళ్ళికొడుకు బండి కోసం చూసినట్టు మేమంతా రోడ్డు వైపు చెవులు పెట్టుకుని నిలబడ్డాం. "ఇయ్యాల సమ్మె ఏమన్న ఉన్నదా?" అని బావ గుసగుసగా అడిగాడు. గుసగుస ఎందుకో అతనికే తెలియాలి.

చివరికి ఒకటి వచ్చింది. నిండు బొగ్గుతో, మూలుగుతూ, ఇంటి ముందు గుంతలో పడి లేచి పోయింది. కిటికీ అద్దం అవతల రోడ్డు కాసేపు నల్లగా మాయమై, మళ్ళీ మెల్లగా తేలింది. లోపల అందరం బాపు ముఖం చూస్తున్నాం.

"ఏందట్ల చూస్తున్రు? నన్నేమన్న లారీ గుద్దిందా?" అన్నాడు.

దగ్గలేదు. అవ్వ కిటికీ గట్టు మీద కొంగుతో తుడిచి కొంగు చూసుకుంది. ఏమీ అంటలేదు. ఒడిలోని మందుల కవరు తీసి తలగడ పక్కన పెట్టింది. అల్లుడు బయటికొచ్చి కారు డిక్కీ మూశాడు. మామ సామాను కోసం ముందే తెరిచి ఉంచాడన్నమాట. అప్పుడు చాయ్ అడిగాడు. నేరుగా అవ్వనే అడిగాడు. ఆమె జవాబు నాకు చెప్పబోయి ఆగి, లోపలికి పోయి పెట్టుకొచ్చింది.

కొన్నాళ్ళకు అటువైపు ఇంకో పని పడి, ఆ ఇంటి ముందు నుంచి పోయాం. దూరం నుంచే బావ బండి ఆపేశాడు. మేం గోరు దూరకుండా బిగించిన కిటికీ బార్లా తెరిచి ఉంది. లోపల మంచం మీద బాపు, బయట అరుగు మీద ఆయన ఈడువాళ్ళు ఇద్దరు, మధ్యలో చాయ్ గ్లాసులు.

"ఏంది బాపు, కిటికీ తెరిచినవ్! గంత కష్టపడి మూస్తిమి గదా!" బావకు నిజంగానే కష్టమేసింది.

"మూస్త, మూస్త. లారీ రానీ."

మేం నిలబడి ఉండగానే దూరంగా ఒక లారీ మోత వినిపించింది. నేను కిటికీ వైపు చూశాను. బాపు కదలలేదు.

"గది ఖాళీది. పోనీ."

అది వచ్చింది, పోయింది. నిజంగానే ఖాళీది. కాసేపటికి ఇంకో మోత. నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. బాపు మాట మధ్యలో ఆపి, చేయి చాపి రెక్కలు రెండూ లాగి గడియ పెట్టాడు. బొగ్గు లోడు లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. అరుగు మీది ఇద్దరూ తువ్వాలలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. రోడ్డు మళ్ళీ కనపడ్డాక గడియ తీసిన చప్పుడైంది. కిటికీ తెరుచుకుంది.

"ఆఁ, ఏడిదాక చెప్పిన?" అన్నాడు బాపు.